లెక్కల సారు, ఎఫ్‌ఐఆర్ లెక్క

ఆ కందికట్టె ఇంకొంచెం మంటలోకి తొయ్యి పాపా. మార్గశిరం వస్తే పామిడిలో పెన్న గాలి ఎముకలు కొరుకుతాది. నువ్వు కాలేజీకని ఆ నేరాల లెక్కల పుస్తకం ముందరేసుకుంటే నాకు బాలగోపాల్ సారు గుర్తుకొచ్చినాడు.

ఆయప్ప 1952లో బళ్ళారిలో పుట్టినాడు. పరాయి సీమేం కాదులే, 1882 దాకా మన అనంతపురం బళ్ళారి జిల్లాలోనే ఉండె. వరంగల్లులో లెక్కల్లో పీహెచ్‌డీ చేసి, కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, 1985లో ఆ ఉద్యోగం ఇడిసిపెట్టినాడు. ముందు పౌరహక్కుల సంఘం, 1998 నుంచి మానవ హక్కుల వేదిక, ఆమైన హైకోర్టులో వకీలు. 2009లో పొయ్యేదాకా ఒక చోట కుదురుగా కూర్చున్నది లేదు. లెక్కల మనిషికి ఈ నెత్తుటి గొడవలేందని మేమూ అనుకున్యాము. ఆయప్ప ఎవరి మీద పుస్తకం రాసినాడో ఆ చరిత్రకారుడు కోశాంబి గూడా లెక్కల మనిషే. పాత వెండినాణేలు తూకమేసి, చేతులు మారి ఎంత అరిగినాయో చూసి, వాటి వయసు కట్టినాడంట.

మన సీమలో ఫ్యాక్షన్ హత్యలెందుకంటే, సీమోళ్లకు రోసమెక్కువ, కరువు నేల గుణమది అని సినిమాలోళ్లు చెప్తారు. బాలగోపాల్ ఆ మాట ఒప్పుకోలే. ఊరి పెత్తనం, కాంట్రాక్టులు, ఎలక్షన్లు చూడమన్నాడు.

నేను గుత్తిలో వకీలు గుమాస్తాగా ఉన్నప్పుడు ఎఫ్‌ఐఆర్ నకళ్లు ఎన్ని చూసినానో. వామి కాలుస్తారు, చీనీ చెట్లు నరుకుతారు, బాంబులేస్తారు, ఆఖర్న మనిషిని చంపుతారు. అన్నిటికీ కలిపి కేసొకటే. నీ ముందరున్న నేరాల లెక్కల పుస్తకం 1953 నుంచి ఢిల్లీలో అచ్చేస్తున్నదే కదా, అందులో ఒక ఎఫ్‌ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా పెద్దదాన్నే ఎంచుతారు. హత్య లెక్కకొస్తాది. చీనీ తోట రాదు. ఆ చెట్టు కాపుకొచ్చేదానికి నాలుగైదేండ్లు పడతాది. బిందెలతో నీళ్లు మోసి బతికిచ్చినోని కడుపుకోత ఏ పట్టీలో ఉండాది?

ఇంగ ఆ పుస్తకంలో హత్యకు కారణం గడి. పగ అని ఒకటి, ఆస్తి తగాదా అని ఒకటి, రాజకీయమని ఒకటి. గట్టు తగాదాగా మొదలయ్యి, సర్పంచి ఎలక్షన్లో ముదిరి, రోడ్డు కాంట్రాక్టు కాడ కొడవలి లేస్తే ఏ గడిలో రాస్తావు? రాసేవాడు ఏదో ఒకటి రాసి సంతకం పెడతాడు, పాపం వానికీ పొద్దుగూకుతాంటాది.

చచ్చేది గూడా పెద్దమనిషి కాదు తల్లీ, శానాసార్లు వాని ఎనక కట్టె పట్టుకొని నడిచినోడు.

ఆమైన కోర్టు. రెండు పక్కలా హత్య కేసులుంటే పెద్దోళ్లిద్దరూ ఒక రాత్రి కూర్చొని మాట్లాడుకునేది. నీ సాక్షులు నోరు తెరవొద్దు, నా సాక్షులూ తెరవరు. రెండు కేసులూ కొట్టేస్తిరి. నీ పుస్తకంలో రెండు హత్యలు, శిక్షలు సున్నా. దర్యాప్తు సరిగా చెయ్యలేదని రాస్తావేమో నువ్వు. దర్యాప్తు బాగనే జరిగింటాది పాపా. ఆ రాత్రి ఎవరింట్లో కూర్చున్యారో అడుగు.