లాడము లేని నాటి డెక్క

గుర్రమునకు ఇనుప లాడము కొట్టు పద్ధతి ప్రాచీన గ్రీకులలో లేదు. డెక్క అరిగి అడుగుభాగము కందినచో ఎంతటి రౌతైనను పాదచారి కావలసినదే.

ఏథెన్సువాడగు జెనొఫోన్ క్రీ.పూ. 4వ శతాబ్దమున రచించిన అశ్వవిద్యా గ్రంథములో దీనికి ఉపాయము చెప్పెను. తడిసి నునుపెక్కిన శాల మంచి డెక్కలను సైతము చెరచునని అతని మతము. కావున నేల వాలుగా నుండవలెను. డెక్కంతేసి రాళ్లు దగ్గరదగ్గరగా పరచవలెను. శాల వెలుపల నాలుగైదు బండ్ల గుండ్రని రాళ్లు, ఒక్కొక్కటి పిడికిలంతటిది, దాదాపు అర కిలో తూకము గలది, పోయించి, చెదరకుండ చుట్టును ఇనుపకట్టు వేయవలెను. ప్రతిదినము కొంతసేపు గుర్రమును దానిపై నిలిపి మాలీసు చేయుదురు. మాలీసు వేళను, ఈగలు ముసరినప్పుడును అది కాళ్లు కదుపక తప్పదు. నిలిచియున్నను రాతిబాటలో నడచినట్లే! లేపనములు లేవు, కషాయములు లేవు. ఏ ఖజానాధికారియు ఆక్షేపింపజాలని ఖర్చు.

అయితే గట్టిపడిన డెక్కకును హద్దు కలదు. లాడములు లేని గుర్రములతోనే అలెగ్జాండరు భారతదేశము చేరెను. క్రీ.పూ. 326లో విపాశాతీరమున, అనగా నేటి బియాస్ ఒడ్డున, అతని సేన ముందుకు సాగ నిరాకరించెను. వానలు, అలసట, గంగాతీర రాజ్యముల గజబలము కారణములుగా చెప్పుట వాడుక. క్రీ.పూ. 1వ శతాబ్దపు చరిత్రకారుడు డయొడోరస్ ఆ సేన దుస్థితిని వర్ణించుచు మరియొక మాట చేర్చెను: ఎడతెగని ప్రయాణముచే గుర్రముల డెక్కలు అరిగి పలుచబడినవి.