చీటీ మీది సిరా

మన పూర్వులు తాటాకుపై గంటముతో వ్రాసిరని అందఱు నెఱుగుదురు. ఆ గీతలు కంటికి కనబడుటకై దీపపు మసిని ఆకు పసరుతో కలిపి రుద్దెడివారు. కాగితము వచ్చిన పిమ్మట గంటమునకు బదులు కలమును, రుద్దెడి మసికి బదులు సిరాయును వచ్చినవి.

ఈ మార్పునకు మన చెన్నపురియే సాక్షి. కాలిన్ మెకంజీ దొరకై కావలి సోదరులును, వారి అనుచరులును ఊరూర తిరిగి స్థలచరిత్రలను కాగితముల కెక్కించిరి. 1817లో ఈ నగరమునకు వచ్చిన బ్రౌను దొర పండితులచే తాళపత్ర కావ్యములకు కాగితపు ప్రతులు వ్రాయించెను. వానిలో పెక్కు 1869లో స్థాపితమైన ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున నేటికిని కలవు.

నాటి సిరాలు ముఖ్యముగా రెండు విధములు. దీపపు మసిని తుమ్మబంకతో నూరినది మొదటిది. ఇది కాగితము పైననే నిలుచును. ఎన్నేండ్లకును రంగు మారదు గాని, తడి తగిలిన చెదరును. కరక్కాయ కషాయమున అన్నభేది కలిపినది రెండవది. ఇది నారలలోనికి దిగి, గాలి సోకిన కొలది నల్లబడును, తడికి జంకదు. కాని అన్నభేది మోతాదు మించెనా, కొన్ని తరములకు అక్షరమున్న చోటనే కాగితమును తినివేయును. శ్రీకాళహస్తి కలంకారీ పనివారి నలుపునకును ఇదియే మూలము. కరక్కాయ పట్టించిన గుడ్డపై, ఇనుమును బెల్లమును ఊరవేసిన నీటితో గీయగనే గీత నల్లనగును.

గుమాస్తాగా బహుకాలము దస్త్రములకు చీటీలు కట్టిన నేను, విశ్రాంతి కాలమున ఈ సిరాలను చేతి కాగితపు చీటీలపై వ్రాసి చూచితిని. వట్టి చీటీపై అక్షరము సాలెగూడువలె ప్రాకినది. గంజి పట్టించి, ఆరిన పిదప నున్నని రాతితో మెఱుగు పెట్టిన చీటీపై ముత్యమువలె నిలిచినది. పసుపుతో దిద్దిన అంచు ఎండకు వెలిసెను. బంకనీట కలిపిన జాజుతో దిద్దినది చెక్కుచెదరలేదు.

ఇది వట్టి కాలక్షేపము కాదు. మన యిండ్ల అటకలపై తాతలనాటి తాటాకు కట్టలు, పద్దు పుస్తకములు ఇంకను కొన్ని కలవు. తెలుగు చదువురాని బిడ్డలు వానిని విప్పి చూడరు. పేరులేని కట్ట పాతకాగితముల అంగడికి పోవును. కావున గ్రంథము పేరు, వ్రాసినవారి పేరు, ఊరు తెలుగునను, ప్రక్కనే అరవమునను మసి సిరాతో చీటీపై వ్రాసి, ఆకునకు అంటింపక, కట్టకు దారముతో కట్టి, తడి సోకని చోట దాచవలయును. చదువగల పెద్దలు ఉండగనే ఈ పని జరుగవలయును.