తూకానికి అందని వెంపలి: గుంటూరు, ప్రకాశం మెట్టల్లో ఒక కొండమొక్క సాగు

పచ్చిరొట్ట ఎరువుల మీద మన వ్యవసాయ గ్రంథాలు ఏది తిరగేసినా వరస మారదు. ముందు జీలుగ, తర్వాత జనుము, పిల్లిపెసర. వెంపలి చిట్టచివర, తప్పదన్నట్టు ఒక్క పంక్తి. ఎకరానికి ఎన్ని టన్నుల రొట్ట వస్తుందన్న లెక్క మీదే ఈ వరస నిలిచింది. ఆ లెక్క వరి మాగాణిలో పుట్టింది. దాన్ని తెచ్చి మిరప, పత్తి చేలకు అంటగట్టడం మీదే ఈ వ్యాసకర్త అభ్యంతరం.

కొండవీటి కొండల దిగువన, మార్కాపురం దాటాక నల్లమల వైపు రాతి వాలుల్లో వెంపలి ఎవరూ విత్తకుండానే పెరుగుతుంది. లిన్నేయస్ 1753లోనే వర్ణించిన ఈ మొక్క నేటి శాస్త్రీయ నామం టెఫ్రోసియా పర్‌పూరియా. రెమ్మల చివర ఊదా గులాబి రంగు చిన్న పూలు, వంపు తిరిగిన చదును కాయలు. చిట్టాకు కొస పట్టుకుని లాగితే అడ్డంగా తెగదు, బాణం వెనక ఈకలాగా కోసుగా చీలుతుంది. పొలంలో దీన్ని పోల్చుకోవడానికి ఇంతకన్నా సులువు లేదు.  

తూకంవాదులు చూడనిది వేసవి. మిరప చివరి కోత అయ్యి కాయ కల్లానికి చేరాక, తొలకరి దాకా చేలు బీళ్లే. పశువులను తోలేస్తారు. నీటి వసతి లేని మెట్టలో ఆ రోజుల్లో జీలుగ మొలిచేది ఎక్కడ, మొలిచినా మిగిలేది ఎక్కడ? వెంపలిని పశువులు సాధారణంగా ముట్టవు. కట్టెదేరిన తల్లివేరు లోతుకు దిగి ఉంటుంది కాబట్టి పైన ఎండినట్టున్నా అదను పడగానే మళ్లీ చిగురిస్తుంది. ఆ వేరు మీది బుడిపెల్లో రైజోబియం నత్రజనిని స్థిరీకరిస్తుంది. ఏటేటా విత్తనం కొనే పని లేదు. ఒకసారి నిలదొక్కుకుంటే రాలిన గింజ నుంచే మళ్లీ లేస్తుంది. కంచె లేకుండా, తడి లేకుండా, ఖర్చు లేకుండా నిలిచే పచ్చిరొట్టను టన్నుల్లో తూచడమంటే కాపలాదారు జీతాన్ని అతని బరువును బట్టి కట్టడమే.

నీరు నిలిచే బరువైన రేగడిలో వెంపలి సరిగా ఎదగదన్నది, రొట్ట జీలుగ కన్నా తక్కువేనన్నది నిజమే. అయితే గట్లున్నాయి, డొంక అంచులున్నాయి, ఎర్రచెక్కలున్నాయి.

ఇంకో మాట. 1980లలో తెల్లదోమ పత్తిని ఊడ్చేసింది. 1987–88లో ప్రకాశం జిల్లా పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021–22లో నల్లతామర పురుగు మిరపను అలాగే ముంచింది. గట్టు మీద పచ్చదనమే లేకుండా గీకేసి చేనంతా ఒకే పైరు పరిచిన సాగే ఈ రెండింటికీ తోడైందని నా అభిప్రాయం. వెంపలి గట్లుంటే ఆ నష్టం కొంతైనా తగ్గేదేమో.

సాగులో చిక్కు గింజ దగ్గరే. పైపొర గట్టిది, ఊరికే విత్తితే చాలా గింజలు మొలవకుండా ఉండిపోతాయి. ఇసుకతో కలిపి బాగా రుద్దాలి, లేదా 55 డిగ్రీల వేడినీటిలో రెండు మూడు నిమిషాలు ముంచి తీయాలి. వెంపలి ‘మొలవదు’ అని రాసినవారు ఈ పని చేశారో లేదో రాయలేదు. సబ్సిడీలో జీలుగ, జనుము, పిల్లిపెసర దొరుకుతాయి కనుక, వెంపలి కావాలన్నవాడు గింజ తానే ఏరుకోవాలి. కాయ ఎండితే పగిలి గింజ చిమ్మేస్తుంది. అందుకని పూర్తిగా ఎండకముందే, పొద్దెక్కకముందు కోసి, గోనెపట్టా మీద ఆరబెట్టి, పైన ఇంకో పట్టా కప్పాలి.