రంగూను రేవు - మనవారి చెమట

రంగూను పేరు మన కోస్తా జిల్లాల వారికి కొత్తది కాదు. మన పెద్దలు దానిని 'రంగం' అనేవారు. 1989లో బర్మా ప్రభుత్వం ఆ నగరం పేరును యాంగోన్ అని మార్చినా, "మా తాత రంగం వెళ్లాడు" అనే మాట శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల ఇళ్లలో వినబడుతూనే ఉన్నది.

యాత్రికులుగా వెళ్లిన మేము మొదట చూచినది సూలే పగోడా ప్రక్కనున్న సిటీ హాలు. కట్టడం 1926లో మొదలై 1936లో పూర్తయినది. ఏలుబడి ఇంగ్లీషువారిదైనా, ఊ టిన్ అనే బర్మా శిల్పి దానికి అంతస్తుల గోపురాలు పెట్టి తమ దేశపు రూపం తెచ్చాడు. బౌద్ధుల పగోడా, బెంగాలీ సున్నీ జామా మసీదు, క్రైస్తవుల చర్చి, అన్నీ అక్కడ కూతవేటు దూరంలోనే ఉన్నాయి.

అక్కడినుండి దక్షిణంగా నడిస్తే స్ట్రాండు రోడ్డు, దాని ఆవల నది. యాత్రికులందరూ 1901 నాటి స్ట్రాండు హోటలు చూస్తారు. మా చూపు మాత్రం రేవు మీదనే నిలిచింది. ఒకప్పుడు అక్కడ బస్తాలు మోసినవారిలో ఎక్కువమంది తెలుగువారే. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు పుచ్చుకొని, కాకినాడలోనో విశాఖలోనో స్టీమరెక్కి, అప్పుతోనే ఆ గట్టున దిగేవారు. కోరంగి రేవు పేరునుబట్టి వారిని 'కోరంగీలు' అనేవారు. 1931 లెక్కల ప్రకారం రంగూను జనం 4 లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులే.

1930 మే నెలలో ఈ కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు బర్మా కూలీలను పనిలోకి దింపారు. సమ్మె తీరగానే వారిని పొమ్మన్నారు. పేదవాడికీ పేదవాడికీ తగవు పడింది. మే 26న రేగిన అల్లర్లలో వందకు పైగా ప్రాణాలు పోయాయి. చనిపోయినవారిలో అత్యధికులు భారతీయులు. లాభం ఒకరిది, నెత్తురు మరొకరిది!

1942లో జపాను సేనలు రాగా లక్షలమంది కొండదారులు పట్టి కాలినడకన స్వదేశానికి బయలుదేరారు. వేలమంది దారిలోనే కన్నుమూశారు. 1964లో దుకాణాలు జాతీయం కావడంతో మరెందరో తిరిగివచ్చారు. విశాఖలోని బర్మా క్యాంపు ఆ గుర్తే.

ఢిల్లీ పాదుషా బహదూర్ షా జఫర్ 1862లో ఈ నగరంలోనే ప్రవాసంలో మరణించారు. ఆయన అసలు గోరీ 1991లో గాని బయటపడలేదు. పాదుషాకే అంతకాలం పడితే, బస్తాలు మోసిన కూలీ పేరు ఎవరు వెదకాలి? మనమే వెదకాలి. మీ ఇంట రంగం వెళ్లినవారుంటే, వారి పేరు, ఊరు, వెళ్లిన ఏడు పెద్దల నోట విని ఈనాడే ఒక కాగితం మీద వ్రాసిపెట్టండి. పెద్దలు పోయాక అడగడానికి ఎవరూ ఉండరు.