షేర్‌వేర్

ముందు వాడి చూసి, నచ్చితే డబ్బు చెల్లించమనే పద్ధతిలో పంచే సాఫ్ట్‌వేర్. దుకాణాల్లో చోటు గానీ ప్రకటనలకు పెట్టుబడి గానీ లేని ఒంటరి ప్రోగ్రామర్లకు 1980లలో బతుకుదెరువు చూపిన పద్ధతి ఇది.

1982లో అమెరికాలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ పీసీ-టాక్ అనే ప్రోగ్రామ్‌ను, జిమ్ నాఫ్ పీసీ-ఫైల్ అనే ప్రోగ్రామ్‌ను ఇలాగే విడుదల చేశారు. ఫ్లూగెల్‌మన్ ఈ పద్ధతిని ‘ఫ్రీవేర్’ అని పిలిచి, ఆ పేరును ట్రేడ్‌మార్క్ చేసుకున్నారు. అందుకే మరో ప్రోగ్రామర్ బాబ్ వాలెస్ తన వర్డ్ ప్రాసెసర్ పీసీ-రైట్‌కు ‘షేర్‌వేర్’ అన్న మాట ఎంచుకున్నారు.

ధర నిర్ణయంలో వాలెస్ చూపిన తెలివి అసాధారణం. డిస్క్‌కు 10 డాలర్లు, రిజిస్ట్రేషన్‌కు 75. రిజిస్టరైనవారి కాపీకి ఒక వరుస సంఖ్య ఉండేది. ఆ కాపీ చేతులు మారి మరొకరు రిజిస్టరైతే, మొదట పంచినవారికి 25 డాలర్ల కమీషన్ ముట్టేది. ఇతర కంపెనీలు దొంగతనంగా చూసిన కాపీయింగే ఆయనకు అమ్మకపు బలగమైంది.

అయితే చెల్లింపు చాలావరకు వాడేవారి మనస్సాక్షి మీదే ఆధారపడేది. దీనికి ఆటల కంపెనీ అపోజీ స్థాపకుడు స్కాట్ మిల్లర్ 1987లో క్రోజ్ ఆటతో విరుగుడు కనిపెట్టారు: మొదటి భాగం ఉచితం, మిగతావి కొనుక్కోవాలి. 1993లో డూమ్ ఆట ఇదే బాటలో ప్రపంచమంతా పాకింది. గడువు ముగిశాక ప్రోగ్రామ్ ఆగిపోవడం, చేసిన పనిని సేవ్ చేయనివ్వకపోవడం వంటి పద్ధతులూ వచ్చాయి. వీటిలో రెండోది పనిని సగంలో వదిలేయిస్తుంది కనుక నమ్మకం కన్నా చిరాకే ఎక్కువ పెంచుతుంది.