కుండీలోంచి పుట్టిన స్లాబు

హైదరాబాదు అశోక్‌నగర్‌లో ఇప్పుడు పెరడున్న ఇల్లు వెతికితే గానీ కనబడదు. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ చుట్టుపక్కల సందుల్లోనూ, సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గరా, నారాయణగూడ ఫ్లైఓవర్ పక్క వీధుల్లోనూ పాత ఇళ్లు పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి. జామచెట్టూ, కరివేపచెట్టూ, బావిగట్టు పక్కన మల్లెపందిరీ వాటితోపాటే వెళ్లిపోయాయి. మొక్క మీద మమకారం మాత్రం పోలేదు. అది మెట్లెక్కి పైకి చేరింది. బాల్కనీ గ్రిల్లులో, మెట్ల మలుపులో, ట్యాంకు కింది నీడలో ఎక్కడ చూసినా కుండీలే. గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లల హాస్టల్ కిటికీల్లో కూడా కోసిన నీళ్ల సీసాలో మనీప్లాంటు తీగ కనిపిస్తుంది. ఈ కుండీ ఎక్కణ్నుంచి వచ్చిందో ఆరా తీస్తే, మన కాళ్ల కిందున్న స్లాబు చరిత్ర కూడా అందులోనే దొరుకుతుంది.

మొక్కను నేల నుంచి వేరు చేసి పాత్రలో పెట్టడం చాలా పాత విద్య. క్రీ.పూ. 15వ శతాబ్దంలో ఈజిప్టు రాణి హత్‌షెప్సుత్ పుంట్ దేశం నుంచి ధూపపు చెట్లను వేళ్లతో సహా బుట్టల్లో పెట్టి ఓడల్లో తెప్పించింది. ఆ దృశ్యాన్ని దెయిర్ అల్ బహరీలోని ఆమె ఆలయం గోడల మీద చెక్కారు. రోమన్లు చిల్లులు పెట్టిన మట్టికుండల్లో మొక్కలు నాటేవారు. ఆ కుండలు తవ్వకాల్లో బయటపడ్డాయి. మనకు తులసికోట ఉండనే ఉంది. ముంగిట్లో ఎత్తుగా కట్టి, మట్టి నింపి, రోజూ చెంబుడు నీళ్లు పోసే ఆ కోటే ఈనాటి ప్లాంటరుకు మన ఇంటి పూర్వరూపమని నా నమ్మకం.

మిద్దె మీద తోట కూడా హైదరాబాదుకు కొత్తేమీ కాదు. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తవెర్నియే, ఇక్కడి రాజప్రాసాదంలో లోపలి గదుల పైకప్పుల మీద తోటలు ఉన్నాయని రాశాడు. అక్కడి చెట్లు ఎంత పెద్దవంటే, కింది కమానులు వాటిని ఎలా మోస్తున్నాయా అని ఆశ్చర్యపోయాడు. ఈ బరువు సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

సారె మీద తిప్పి, ఆములో కాల్చిన మట్టికుండీకి ఒంటినిండా కంటికి కనబడని రంధ్రాలుంటాయి. లోపలి తడి వాటిగుండా బయటికొచ్చి ఆవిరవుతుంది, వేరు చల్లబడుతుంది. వేసవిలో కూజా నీళ్లు చల్లబడేదీ ఇలాగే. బోరు నీళ్లు పోసే ఇళ్లలో కొన్నాళ్లకు కుండీ పైన తెల్లటి ఉప్పు పొర కడుతుంది. అది చూసి కుండీ పాడైందనుకుని చాలామంది పారేస్తారు. నిజానికి నీళ్లలోని లవణాన్ని కొంతైనా వేరు దగ్గర నిలవనీయకుండా గోడ బయటికి లాగుతోందన్నమాట. కొబ్బరిపీచుతో రుద్ది కడిగితే చాలు. తొందరగా ఆరిపోవడం, పగలడం ఈ కుండీలో ఉన్న లోపాలు.

అసలు మలుపు ఫ్రాన్సులో వచ్చింది. చలికి తట్టుకోలేని నారింజ చెట్లను శీతాకాలంలో లోపలికి చేర్చడానికి 17వ శతాబ్దంలోనే వెర్సాయ్ రాజోద్యానంలో చదరపు చెక్కపెట్టెలు వాడేవారు. పక్క పలకలు ఊడదీసి వేర్లు కత్తిరించుకునే వీలుండేది. కానీ తడికి చెక్క కుళ్లుతుంది, మట్టితొట్టి పగులుతుంది. ఈ బాధ పడలేక జోసెఫ్ మోనియే అనే పారిస్ తోటమాలి ఇనుప తీగల వల అల్లి, దానికి సిమెంటు మెత్తి తొట్లు చేశాడు. 1867 జూలై 16న వాటికి పేటెంటు పొందాడు. ఆ తరవాత అదే పద్ధతిని గొట్టాలకు, పలకలకు, వంతెనలకు విస్తరించాడు. 1875లో షాజెలే అనే చోట ఇనుము కూర్చిన కాంక్రీటు వంతెన కట్టాడు. ఆయన పేటెంటు హక్కులు జర్మనీ చేరాక ఇంజినీర్లు దానికి లెక్కలు కట్టి శాస్త్రంగా మలిచారు. ఇనుమూ సిమెంటూ కలపాలన్న ఆలోచన అప్పటికే మరికొందరికి వచ్చింది, నిజమే. అయినా ఆర్‌సీసీ స్లాబు వంశవృక్షంలో ఒక పెద్ద కొమ్మ నారింజ మొక్క తొట్టి దగ్గరే మొదలవుతుంది. ఒక తోటమాలికి ఇంతకన్నా గొప్ప కీర్తి ఏముంటుంది!

మన వీధుల్లో మాత్రం చాలాకాలం కుండీ అంటే ఖాళీ డబ్బానే. పచ్చటి ఈతచెట్టు బొమ్మ ఉన్న డాల్డా డబ్బా అయిపోగానే, బోర్లించి అడుగున మేకుతో నాలుగు చిల్లులు కొట్టేవారు. చిల్లు మీద కుండపెంకు ముక్క బోర్లించి, దానిపైన మట్టి నింపి పుదీనా కాడ గుచ్చేవారు. పెంకు లేకపోతే మట్టి జారి చిల్లు మూసుకుపోతుందని ఆ ఇల్లాళ్లకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. డబ్బా తుప్పు పట్టేదాకా పుదీనా పచ్చడికి లోటుండేది కాదు. తరవాత సిమెంటు కుండీలు, పెయింటు బకెట్లు వచ్చాయి.

ఈనాటి ప్లాంటర్లు ఇంకో దారిన వచ్చాయి. రోటో మౌల్డింగ్ ప్లాంటరును డాబా మీది నల్లటి నీళ్ల ట్యాంకు చేసే పద్ధతిలోనే చేస్తారు: అచ్చులో ప్లాస్టిక్ పొడి పోసి, వేడి చేస్తూ తిప్పుతారు. ఫైబర్ గ్లాసువి చూడటానికి రాయిలా ఉంటాయి, ఎత్తితే తేలిక. గుడ్డ సంచీల గుణం వేరు. ప్లాస్టిక్ గోడను తాకిన వేరు చుట్టూ తిరిగి చుట్ట చుట్టుకుంటుంది. గుడ్డను తాకిన వేరు కొస గాలికి ఎండి, వెనక కొత్త పిల్లవేళ్లు వేస్తుంది. అడుగున నీళ్ల అర, ఒత్తి ఉండే కుండీలు సంక్రాంతికి ఊరెళ్లే వాళ్లకు బాగా పనికొస్తాయి.

వీటన్నిటికీ తెలుగునాట ఊపు తెచ్చింది మిద్దెతోట ఉద్యమమే. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన ఇంటి మీద ఇటుక మడులు కట్టి కూరగాయలు, పండ్లు పండించి, ‘మిద్దెతోట’ పుస్తకం రాశారు. ‘సాక్షి’ పత్రిక ‘ఇంటిపంట’ శీర్షిక నడిపింది. ఉద్యానశాఖ కూడా మడులను, విత్తనాలను సబ్సిడీ మీద ఇచ్చింది. కొత్త మొక్కలకు నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా మేళాలు ఉండనే ఉన్నాయి.

ఇక బరువు. మనుషులు తిరిగే డాబాకు భారతీయ ప్రమాణాలు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల భారం లెక్కగడతాయి. అదే చోట అడుగు మందాన తడిమట్టి పరిస్తే దాదాపు 500 కిలోలు. 12 అంగుళాల కుండీలో తడిమట్టే పాతిక కిలోల దాకా తూగుతుంది. కాబట్టి పెద్ద తొట్లు ఎప్పుడూ పిల్లర్ల మీద, బీముల వెంట, గోడల పక్కనే ఉండాలి. స్లాబు నడుమ, బాల్కనీ కొసన పెట్టకూడదు. వట్టి ఎర్రమట్టి బదులు కోకోపీట్, వర్మీకంపోస్టు కలిపితే బరువు బాగా తగ్గుతుంది. పిట్టగోడ మీద కుండీలు పెట్టనే వద్దు. కింద సందులో పిల్లలు ఆడుకుంటారు.

ఆకుకూరకు ఆరంగుళాల లోతు చాలు. వంగ, టమాటాలకు అడుగు కావాలి. నిమ్మకు అడుగున్నరకు తగ్గితే కాపు ఆశించొద్దు. మన ఎండలకు నల్ల ప్లాస్టిక్ కాగి వేళ్లను ఉడకబెడుతుంది; లేత రంగు తీసుకోండి. తులసికి మాత్రం మట్టికుండీయే నా ఓటు. కుండీ కింది ప్లేటులో నిలిచిన నీళ్లు డెంగీ దోమకు పుట్టిల్లు, వారానికొకసారైనా పారబోయండి. షాపులో మెరిసే ప్లాంటరును తిరగేసి అడుగు చూడండి. చిల్లు లేకపోతే కొట్టించుకోండి, కుదరదంటే వదిలేయండి. మీది పాత భవనమైతే ముందు ఇంజినీరును పిలిచి స్లాబు చూపించండి. కుండీల బేరం ఆ తరవాతే.