కింద పడి మరణించడం: లెక్కల వెనుక చరిత్ర

1. ఉపోద్ఘాతం

యుద్ధాలు, కరువులు, అంటువ్యాధుల వల్ల సంభవించిన మరణాలపై చరిత్రకారులు ఎంతో రాశారు. కింద పడి మరణించినవారిపై రాసింది తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది ఇలా మరణిస్తున్నారు. అనుకోకుండా తగిలే గాయాల వల్ల కలిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం వీటిదే. ఈ మరణాల లెక్కలను ఎలా చదవాలో ఈ భాగంలో తెలుసుకుందాం.

2. నమోదులో వచ్చిన మార్పు

17వ శతాబ్దపు లండన్‌లో వారం వారం మరణాల పట్టికలు వెలువడేవి. శవాన్ని చూసి మరణ కారణం చెప్పే పని వైద్యులది కాదు. అందుకు నియమితులైన స్త్రీలది. ఈ పట్టికలను జాన్ గ్రాంట్ 1662లో విశ్లేషించాడు. వాటిలో ‘వృద్ధాప్యం’ కూడా ఒక మరణ కారణమే. జారిపడి, తుంటి ఎముక విరిగి, మంచాన పడి కొన్ని వారాలకు కన్నుమూసినవారు ఆ గడిలోకి చేరిపోవడం సులభం. 1893లో బెర్టిల్లాన్ రూపొందించిన వర్గీకరణ నుంచి నేటి అంతర్జాతీయ వర్గీకరణ ఎదిగింది. మరణానికి దారితీసిన వరుసలో మొదటి వ్యాధిని లేదా గాయాన్ని మూలకారణంగా గుర్తించాలన్నది నేటి నియమం. దీని ప్రకారం, పడిపోయిన తర్వాత న్యుమోనియా వచ్చి మరణించినా మూలకారణం పడిపోవడమే.

3. పనిచోటు: గోల్డెన్ గేట్ వంతెన

1933లో అమెరికాలో ఈ వంతెన నిర్మాణం మొదలైంది. కార్మికుల కోసం కింద వల కట్టారు. అది 19 మందిని కాపాడింది. 1937 ఫిబ్రవరి 17న ఒక పని వేదిక కూలి వల తెగడంతో 10 మంది మరణించారు. కార్మికుడి జాగ్రత్త ఒక్కటే చాలదని, రక్షణ ఏర్పాటు కూడా ప్రాణాలు నిలుపుతుందని ఈ అనుభవం చెబుతుంది. తెలంగాణలో 2024లో గీత కార్మికులకు ‘కాటమయ్య రక్ష’ కిట్లు అందించడం వెనుక ఉన్నది ఇదే ఆలోచన.

4. ఇల్లు: వృద్ధుల మరణాలు

అమెరికాలో 75 ఏళ్లు, ఆపైబడినవారిలో ఈ మరణాలు 2000లో 8,613 కాగా, 2016 నాటికి 25,189కి చేరాయి. వృద్ధుల సంఖ్య పెరిగింది కనుక మరణాలూ పెరిగాయని సరిపెట్టుకోలేం. ఆ వయసువారి జనాభాతో పోల్చి లెక్కించిన రేటు కూడా లక్షకు 51.6 నుంచి 122.2కు పెరిగింది. గుండెజబ్బులు, క్యాన్సర్లు ఉన్నా ఎక్కువకాలం జీవించడం, మగత కలిగించే మందులు, రక్తాన్ని పలుచన చేసే మందులు ఇందుకు కారణాలుగా చర్చకు వచ్చాయి. ధ్రువపత్రాల్లో కారణాన్ని మరింత స్పష్టంగా రాయడం కూడా కొంత కారణం కావచ్చు. కాబట్టి పెరిగిన అంకెలో నిజమైన పెరుగుదల ఎంత, మెరుగైన నమోదు ఎంత అని విద్యార్థి ప్రశ్నించాలి.

5. మన దేశం

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అయినా 2020లో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణాన్ని ధ్రువీకరించినవి 22.5 శాతమే. స్నానాల గదిలో జారిపడి, మంచం పట్టి పోయిన అవ్వ గురించి ‘వయసైపోయింది’ అనుకొని ఊరుకుంటే ఆ మరణం లెక్కకు అందదు. లెక్కకు అందని మరణాన్ని నివారించాలన్న ఆలోచనా రాదు. గోడకు పట్టుకునే కమ్మీ, రాత్రి దీపం, జారని నేల, మందుల పునఃపరిశీలన మన ఇళ్లలో ఆ వంతెన కింది వల వంటివే.

మీ అవగాహనను పరీక్షించుకోండి

ఒక ప్రాంతంలో ఈ మరణాల సంఖ్య తక్కువగా నమోదైతే, అక్కడ ప్రమాదం తక్కువని చెప్పవచ్చా? కారణాలతో చర్చించండి.